షష్టిపూర్తి కార్డు దగ్గర మొదలైన సంస్కృతం

నల్లగొండల మాది చిన్న డీటీపీ షాపు. పెండ్లి కార్డులు, ఫ్లెక్సీలు, గృహప్రవేశం కార్డులు, వర్ధంతి పోస్టర్లు, గుడి కమిటీల విరాళం రశీదు బుక్కులు, ఇవే మా పని. టైపింగు నాది, మిషను కటింగు మా ఆయనది. పదిహేనేండ్ల నుంచి రోజూ తెలుగు టైపు చేస్తున్న గాని అందుల సగం సంస్కృతమే అన్న సంగతి నాకు 2019 దాకా పట్టలేదు.

ఆ ఏడు ఒక పెద్దాయన అరవై ఏండ్ల ఫంక్షన్ కార్డు వచ్చింది, 300 కాపీలు. నేను "షష్ఠిపూర్తి మహోత్సవం" అని పెద్దక్షరాలల్ల టైపు చేసిన, ఠ పెట్టి. ఎందుకు పెట్టినవంటే ఏం చెప్పాలె, ఒత్తు ఉంటే జర నిండుగ గౌరవంగ కనబడుతదని అప్పట్ల నా లెక్క, ఎక్కడ అనుమానం వస్తే అక్కడ ఒత్తు పెట్టేదాన్ని. ఇంటోళ్లు ప్రూఫ్ చూసి ఓకే అన్నరు, ప్రింట్ అయిపోయింది. తెల్లారి వాళ్ల చుట్టం ఒకాయన వచ్చిన్రు, రిటైరైన తెలుగు పండిట్, చేతుల కార్డు, ఆ ఠ చుట్టూ ఎర్ర పెన్నుతోని సున్న. కోపం చెయ్యలేదు. "అమ్మా, షష్టి అంటే అరవై, షష్ఠి అంటే ఆరోది. నువ్వు ఇక్కడ ఒత్తు పెట్టినవ్ గదా, ఎందుకు పెట్టినవో చెప్పు" అని నిలబడ్డరు. నాకు నోట మాట రాలేదు. తప్పు అని ఎవరన్నా చెప్తే దిద్దుతం, అది రోజూ ఉండేదే, కాని ఎందుకు పెట్టినవ్ అని ఆ రోజు దాకా నన్ను ఎవరూ అడగలేదు.

300 కార్డులు మా ఖర్చుతోని మల్ల కొట్టి ఇచ్చినం. అంతకంటె ఎక్కువ నన్ను తొలిచింది ఇంకోటి ఉన్నది, నేను ఇంటర్‌ల సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతమే తీసుకున్న. మార్కులు మస్తు పడ్తయని అందరం అదే తీసుకున్నం, తెలుగు లిపిల రాసినం, గైడు బట్టీ కొట్టినం, నాకు తొంభై దాటినయి. రామః రామౌ రామాః ఇప్పటికీ గుక్క తిప్పుకోకుండ చెప్తా. అయినా గని షష్టికి షష్ఠికి తేడా తెలువలేదు. ఆ మార్కులు ఎట్ల వచ్చినయో, రెండేండ్లు ఏం చదివిననో అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు, నిజంగనే బాధపడ్డ.

వారం తర్వాత సార్ ఇల్లు వెతుక్కుంట రామగిరి దిక్కు పోయిన. "సార్, ఆరోదానికి ఒత్తు ఎందుకు వచ్చింది, అరవైకి ఎందుకు రాలేదు, అది చెప్పండి" అన్న. ఆయన అరుగు మీద కూసోబెట్టి చాక్‌పీస్ తోని నేల మీద రాసి చెప్పిన్రు. సంస్కృతంల ఆరు అంటే షష్. నాలుగు అంటే చతుర్. "నాలుగోది", "ఆరోది" అని చెప్పాలంటే ఈ రెండిటికీ ఒక థ వచ్చి కలుస్తది, ఆ సంగతి పాతకాలం వ్యాకరణ పండితుడు పాణిని తన అష్టాధ్యాయి పుస్తకం అయిదో అధ్యాయం రెండో పాదం 51వ సూత్రంల చెప్పిండు. చతుర్ పక్కన థ వస్తే చతుర్థ. షష్ పక్కన థ వస్తే, ముందున్న ష మూర్ధం దగ్గర, అంటే అంగిలి పైన పలికే అక్షరం, థ ఏమో పండ్ల దగ్గరిది, ష దాన్ని తన దిక్కు గుంజుకుంటది, అప్పుడు థ కాస్తా ఠ అయితది, షష్ఠ. ఇగ అరవైల ఉన్నది థ కాదు, తి. షష్ పక్కన తి వస్తే త మాత్రమే ట అయితది, ఒత్తు లేని త కాబట్టి ఒత్తు లేని ట, షష్టి. గంతే!

నేను ఆ నేల మీది అక్షరాల దిక్కు చూసుకుంట కూసున్న. వినాయక చవితికి ఏటా ఇరవై ముప్పై ఫ్లెక్సీలు కొడ్త, "చతుర్ధి" అని ధ పెట్టి కొట్టినయి ఎన్నో, ఇప్పుడు ఒక్క దెబ్బకు చతుర్థి, షష్ఠి రెండూ నా చేతికి వచ్చినయి, ఇగ బట్టీ కొట్టే పనే లేదు. ఒత్తు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే దాన్ని గుర్తు పెట్టుకోవాల్సిన అవసరం ఉండదు, అదే మనల్ని గుర్తు పట్టి పలకరిస్తది.

ఆ ష్ట, ష్ఠ సంగతి ఇంకా ఉన్నది, ఇది టైపింగ్ చేసేటోళ్లందరికీ పనికొస్తది కాబట్టి జర నిదానంగ చెప్తా. ధాతువు చివర ష ఉండి (కొన్నిట్ల శ, జ కూడ అట్లనే ష అయితయి) దాని మీద త గాని తి గాని వస్తే ష్ట. ఇష్ + త ఇష్టం, నశ్ + త నష్టం, తుష్ + తి తుష్టి, దృష్టి, వృష్టి, సృష్టి, విశిష్టం, అన్నీ ఒత్తు లేనియే. ఇగ "అందరికంటె" అని చెప్పే ప్రత్యయం ఒకటి ఉన్నది, దాంట్ల పుట్టుకతోనే ఠ ఉన్నది, ఇష్ఠ. అందుకే జ్యేష్ఠ, కనిష్ఠ, శ్రేష్ఠ, గరిష్ఠ, బలిష్ఠ, వసిష్ఠ. పెండ్లి కార్డు మీద "జ్యేష్ఠ పుత్రుడు", "కనిష్ఠ పుత్రిక" అని రాస్తం గదా, పెద్దోడు అంటే అందరికంటె పెద్దోడు, కాబట్టి ఠ. మూడోది స్థా ధాతువు, నిలబడుడు. అది నిష్ఠ, ప్రతిష్ఠ, అనుష్ఠానం అయినప్పుడు స ష అయితది, థ ఠ అయితది. విగ్రహ ప్రతిష్ఠ అంటే విగ్రహాన్ని నిలబెట్టుడే. అదే స్థా స లాగనే ఉండిపోతే గృహస్థుడు, స్వర్గస్థులు. వర్ధంతి పోస్టర్ల మీద "స్వర్గస్తులైనారు" అని త పెట్టి కనబడినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటది, పోయినాయన స్వర్గంల నిలిచి ఉన్నడని గదా చెప్తున్నం, ఆ నిలబడుడు మొత్తం ఆ థ లనే ఉన్నది.

2020 మార్చిల లాక్‌డౌన్ వచ్చి షాపు మూతబడ్డది. పెండ్లిళ్లు లేవు, కార్డులు లేవు, చేతుల పని లేక మనుషులం ఆగమైనం. సార్‌కు ఫోన్ చేసి నేర్చుకుంట సార్ అన్న. పొద్దుగాల అయిదున్నరకు ఫోన్ల పాఠం. ఆ ముచ్చట ఎందుకు చెప్తున్ననంటే, వయసు దాటినంక, ముప్పై తొమ్మిదేండ్లకు, ఇద్దరు పిల్లల తల్లి, రైతు బిడ్డ, సంస్కృతం వ్యాకరణం మనకెందుకు అని మా ఇండ్లల్ల అనుకునే మాట నాకు తెలుసు. నేను కూడ అట్లనే అనుకున్న. నా మటుకు నాకు ఇది రోజూ అన్నం పెట్టే పనిముట్టు, కుట్టుమిషను వాళ్లకు సూది ఎట్లనో నాకు ఇది అట్ల.

సార్ మొదటి రోజు ఏం పుస్తకం తెరవమనలేదు. "నీ షాపుల ఏ కార్డు మీదనైనా మొట్టమొదట ఏం ఉంటది" అని అడిగిన్రు. శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు అన్న. "శుభం అస్తు కలిస్తే శుభమస్తు, సరే, అవిఘ్నం అస్తు, సరే. శ్రీ, అస్తు కలిస్తే శ్రీరస్తు ఎట్ల అయింది, ఆ ర యాడికెళ్లి వచ్చింది?" అన్నరు. బడిల చదువుకున్న యణాదేశం లెక్క (ఈ పక్కన అ వస్తే ఈ కాస్తా య అయ్యేది) అయితే శ్ర్యస్తు కావాలె, వేల కార్డుల మీద ఆ మాట కొట్టిన గాని ఆ ర దిక్కు ఒక్కనాడు చూడలేదు. రెండు రోజులు ఆలోచించమని ఫోన్ పెట్టేసిన్రు.

జవాబు ఏందంటే, సంస్కృతంల ఆ మాట శ్రీ కాదు, శ్రీః. చివర విసర్గ ఉన్నది. నదీ, గౌరీ, పార్వతీ లాంటి స్త్రీలింగ శబ్దాలకు ప్రథమా ఏకవచనంల విసర్గ ఉండదు, కాని ఒక ఏడు మాటలకు అది పోదు: అవీ, తంత్రీ, తరీ, లక్ష్మీ, ధీ, హ్రీ, శ్రీ. ఈ ఏడు గుర్తుండాలని పాతకాలం పండితులు శ్లోకమే కట్టి పెట్టిన్రు. అందుకే గౌరీ అంటం, లక్ష్మీః అంటం. ఆ విసర్గ ముందర ఈ ఉండి, తర్వాత అ వస్తే, విసర్గ ర అయి కూసుంటది. శ్రీః అస్తు, శ్రీరస్తు. ఆ ఒక్క ర వెనుక ఇంత ఉన్నదని తెలిసిన రోజు నేను మా ఆయనను లేపి మరీ చెప్పిన, ఆయన నిద్రమబ్బుల విని "అయితే మన కార్డులల్ల కరెక్టే పడ్డదా" అని అడిగిండు. పడ్డది, కాని చూసి కొట్టుడు వేరు, తెలిసి కొట్టుడు వేరు గదా.

విసర్గ రూపాలు మార్చే తీరు చూడాలంటే వేరే యాడికీ పోవాల్సిన పని లేదు, నమః ఒక్కటి చాలు. ఒంటరిగ ఉంటే నమః. నమః నమః అంటే నమో నమః అయితది. తే పక్కన పడితే నమస్తే. శివాయ పక్కన పడితే నమశ్శివాయ, లేకపోతే నమః శివాయ అని విడిగ ఉంచినా తప్పు కాదు. చెర్వుగట్టు జాతరకు ఫ్లెక్సీ కొట్టించుకునేటోళ్లు "అక్కా, ఏది కరెక్టు" అని అడుగుతరు, రెండూ కరెక్టే తమ్మీ, "నమశివాయ" అని మాత్రం వద్దు అని చెప్తా.

ఉచ్చారణ దగ్గరికొస్తే నేను మస్తు కష్టపడ్డ, ఇప్పటికీ పడుతున్న. రాసుడు చేతి పని, పలుకుడు నోటి పని, నలభై ఏండ్ల నోరు ఒకనాటికి తిరుగదు. లాక్‌డౌన్ ఎత్తేసినంక సార్ షాపుకు వచ్చి, కటింగుల మిగిలిన సన్న కాయితం పీలిక ఒకటి నా నోటి ముందట పట్టుకోమని క అనమన్నరు, ఖ అనమన్నరు. క అంటే పీలిక కదలొద్దు, ఖ అంటే ఎగరాలె. నాకు రెండిటికీ ఒక్క తీరుగనే ఉన్నది. మనం మాట్లాడేటప్పుడు ఒత్తులు ఎంత మింగుతమో అప్పుడు తెలిసింది, పలికేటప్పుడు లేని ఒత్తు రాసేటప్పుడు ఎట్ల గుర్తుంటది, అందుకే అందాజగ పెడుతున్నం. నెల రోజులు పీలిక తోని సాధన చేసిన, టైపు చేసుకుంటనే. ఇగ ఫ సంగతి. ఫ్లెక్సీ, ఫోన్, ఫంక్షన్ అని రోజంత పలికే నోరు కాబట్టి ఫలం అన్నా అదే ఫ వస్తది, కింది పెదవికి పండ్లు తాకుతయి. సంస్కృతం ఫ ల పండ్లకు పని లేదు, రెండు పెదవులు మూసి ప అన్నట్టే అని గాలి గట్టిగ వదలాలె.

చ, జ ఇంకో తీరు. మన తెలుగుల చ రెండు రకాలు, చేను, చిలుక ల ఒకటి, చలి, చాప, చుక్క ల ఒకటి. ఆ రెండో చ సంస్కృతంల అసలు లేదు. చలతి అని చదివితే నా నోట్లకెళ్లి చలి ల చ వస్తుండె. రాజా అంటే ఊర్ల రాజుగారి జ వచ్చేది. సార్ ఆపి "నాలుక అంగిలికి తాకాలె, పండ్లకు కాదు" అనేటోళ్లు. ఇంకా ఋ. మనం రు అంటం, ఉత్తరాదోళ్లు రి అంటరు, అసలు అది అచ్చు కాబట్టి ఉ గాని ఇ గాని కలువకుండ నాలుక పైకి మలిచి పలకాలని సార్ చెప్పిన్రు, నాకు ఇప్పటికీ పదిల మూడుసార్లు వస్తది. జ్ఞ మనకు గ్న్య, హిందీ వాళ్లకు గ్య, మరాఠీ వాళ్లకు ద్న్య, అసలు ఉన్నది జ, ఞ. బ్రహ్మ అని రాసి బ్రమ్హ అని పలుకుతం, చిహ్నం అని రాసి చిన్హం అంటం, హ ముందు రావాలె. కాని మనకు కలిసొచ్చేది కూడ ఉన్నది, హిందీ వాళ్ల తీరుగ చివరి అ మింగే అలవాటు మనకు లేదు, రామ అంటే రామ్ కాదు, నోరు నిండ రామ అంటం. సంస్కృతానికి తెలుగు నోరు మంచి నోరు అని సార్ అంటే నాకు ధైర్యం వచ్చింది.

పాణినీయ శిక్ష అని పలుకుడు నేర్పే పాత పుస్తకంల ఒక శ్లోకం ఉన్నది, ఆడపులి తన పిల్లలను కోరలతోని పట్టుకొని తీస్కపోయినట్టు అక్షరాలను పలకాలె అని. పట్టు వదిలితే పిల్ల కింద పడ్తది, గట్టిగ కొరికితే గాయమైతది. జారిపోవద్దు, నలిగిపోవద్దు. నేను చదివిన వాటిల్ల నన్ను ఇంత పట్టుకున్న మాట ఇంకోటి లేదు. మా పిల్లి తన పిల్లలను మెడ పట్టుకొని అటక మీదికి తీస్కపోయేటప్పుడు నేను నిలబడి చూస్త, ఖ, ఘ, ఛ లను అట్ల పట్టుకోవాలె.

పలుకుడు తప్పితే ఏమైతదో చెప్పే శ్లోకం చాలామందికి తెలిసే ఉంటది, కొడుక్కు తండ్రి చెప్తడు, ఎక్కువ చదువకున్నా పరవాలేదు గాని వ్యాకరణం చదువు బిడ్డా అని. స్వజనః శ్వజనో మాభూత్, సకలం శకలం, సకృచ్ఛకృత్. స్వజనం అంటే మనోళ్లు, స తీసి శ పెడితే కుక్కలు. సకలం అంటే మొత్తం, శకలం అంటే ముక్క. సకృత్ అంటే ఒకసారి, శకృత్ అంటే పేడ. పెండ్లి కార్డుల మీద "స్వజన సమేతంగా" అని ఉంటది, ఆ లైను టైపు చేసేటప్పుడు నేను ఇప్పటికీ రెండుసార్లు చూసుకుంట.

అన్నట్టు పానగల్లుల ఛాయా సోమేశ్వర గుడి మాకు దగ్గర్లనే, లింగం మీద పొద్దంత నీడ పడి ఉంటది, అందుకే ఛాయా. ఒత్తు లేకుండ "చాయా సోమేశ్వర" అని బోర్డులు కనబడుతయి. ఛాయ అంటే నీడ, ఒత్తు తీస్తే మన నోట్ల అది తాగే చాయ్ అయితది. ఆ ఛ కు ఇంకో గుణం ఉన్నది, పొట్టి అచ్చు తర్వాత వస్తే ముందర ఒక చ్ తోడు తెచ్చుకుంటది. వృక్ష, ఛాయా కలిస్తే వృక్షచ్ఛాయా. స్వచ్ఛం ల కూడ అదే, సు, అచ్ఛం, అందుల చ్ఛ ముందే ఉన్నది. "స్వచ్చ" అని రెండు చ లు రాస్తే అది తప్పు.

విభక్తులు ఎట్ల నేర్చుకున్ననంటే, అలంపురం పోయినప్పుడు. మా అత్తమ్మ రోజూ చదువుకునే అష్టాదశ శక్తిపీఠాల స్తోత్రం, "అలంపురే జోగులాంబా శ్రీశైలే భ్రమరాంబికా". బస్సుల కూసొని ఆమె పక్కన చదువుతుంటే నాకు టక్కున తగిలింది, ఇది దాదాపు మొత్తం సప్తమీ విభక్తే, ఎక్కడ అని చెప్పే విభక్తి. అలంపురంల జోగులాంబ, శ్రీశైలంల భ్రమరాంబ. అకారాంతం, అంటే చివర అ ఉన్నది, కాబట్టి అలంపురే, శ్రీశైలే, కొల్హాపురే. లంక ఆకారాంతం కాబట్టి లంకాయాం. ఉజ్జయిని ఈకారాంతం కాబట్టి ఉజ్జయిన్యాం. మన వారణాసి సంస్కృతంల వారాణసీ, అది కూడ అట్లనే, వారాణస్యాం. ఇంటర్‌ల బట్టీ కొట్టిన పట్టిక మొత్తం ఆ స్తోత్రంల ఊర్ల పేర్లు పెట్టుకొని కూసున్నది. "అత్తమ్మా, నీకు సప్తమీ విభక్తి మొత్తం వచ్చు" అన్న, ఆమె "నాకేం వచ్చు బిడ్డా, అమ్మవారి పేర్లు చదువుతున్న" అన్నది. అత్తమ్మకు వ్యాకరణం పేర్లే తెలువయి, వ్యాకరణం మొత్తం నోట్లనే ఉన్నది.

గట్లనే బడిల అచ్చులు, హల్లులు అంటం గదా, ఆ పేర్లు పాణిని సూత్రాలల్లయే. అక్షరాలను వరుస పెట్టిన మాహేశ్వర సూత్రాలు 14, "అ ఇ ఉ ణ్" తోని మొదలు. మొదటి అ నుంచి నాలుగో సూత్రం "ఐ ఔ చ్" చివరి చ్ దాకా పట్టుకుంటే అచ్. అయిదో సూత్రం హ నుంచి ఆఖరి ల్ దాకా పట్టుకుంటే హల్. ప్రతి తెలుగు పిల్ల ఒకటో తరగతిల నేర్చుకునే రెండు మాటలు పాణిని పెట్టిన కొలతలే. షాపుల మేం కొట్టే అచ్చు వేరు, ఈ అచ్చు వేరు.

ణ, న సంగతి చెప్పకుండ ఈ పోస్టు ఆపలేను, నాకు అన్నిటికంటె ఇష్టమైనది ఇదే. ఒకే మాటల ముందు ర గాని ష గాని ఋ గాని ఉంటే తర్వాత వచ్చే న ణ అయితది. రామ శబ్దానికి రామేణ, గోవింద శబ్దానికి గోవిందేన. ప్రమాణం, నిర్మాణం, పరిమాణం, ప్రయాణం, అన్నిట్ల ర ఉన్నది కాబట్టి ణ. అనుమానం, విమానం, ఉపమానం, ర లేదు కాబట్టి న. ఇక్కడి దాకా సులువు. మరి కృష్ణ శబ్దానికి కృష్ణేన ఎందుకు, కృష్ణేణ ఎందుకు కాదు? నడుమ అడ్డం పడేటోళ్లు ఉన్నరు. అచ్చులు, హ య వ ర, క వర్గం, ప వర్గం నడుమ ఉంటే అడ్డం కాదు, ర బలం వాటిని దాటి పోతది. చ వర్గం, ట వర్గం, త వర్గం, ల, శ, స అడ్డమొస్తే ఆగిపోతది. కృష్ణ ల ఉన్న ణ ట వర్గమే, అందుకే కృష్ణేన. నాలుక ఎటు కదులుతదో చూస్తే అర్థమైతది, ర కు పైకి లేచిన నాలుక ప, మ పలికేటప్పుడు కదలదు, పెదవులే పని చేస్తయి, అట్లనే పైన ఉండి న ను ణ చేస్తది. నడుమ చ, త వస్తే నాలుక దిగిపోవాలె, ఇగ ణ రాదు.

ఇది తెలిసినంక గుడి రశీదు బుక్కు చూస్తే నాకు కండ్ల పండుగ. అర్పణ ల ర తర్వాత ప, పెదవులది, అడ్డం కాదు, అందుకే ణ. అర్చన ల ర తర్వాత చ, అడ్డం, అందుకే న. సమర్పణ ణ, ప్రార్థన న, తర్పణం ణ, దర్శనం న, ఆరాధన న. ఒక్క పేజీల ఇన్ని పక్కపక్కన ఉంటయి, ఒక్కటి కూడ గాలివాటంగ లేదు. క్యాలెండర్ల సీజన్ల "దక్షిణాయణం" అని టైపు చేసి తెచ్చేటోళ్లకు చెప్తా, ఉత్తరాయణం ల ర తర్వాత అడ్డమేం లేదు, ణ వచ్చింది, దక్షిణాయనం ల ష ఉన్నది గాని నడుమ ఇంకో ణ అడ్డం ఉన్నది, కాబట్టి న అట్లనే ఉన్నది అని. వింటరు. ఎందుకో చెప్తే మనుషులు వింటరు, ఊకె తప్పు అంటే వినరు.

నాయిన ఊర్ల ఉంటడు, కనగల్ దిక్కు, బత్తాయి తోట, కొంచెం వరి. అయిదో తరగతి దాకనే చదివిండు. పోయినసారి పోయినప్పుడు ఒక ముచ్చట చెప్పిన. నాయినా, సంస్కృతంల కృషి అంటే దున్నుడు, సేద్యం, మనం పట్టుబట్టి పనిచేసుడుకు కృషి అంటం. సంస్కృతంల వ్యవసాయం అంటే గట్టి నిశ్చయం, పట్టుదల, మనం ఏమో సేద్యానికి వ్యవసాయం అంటం. రెండు మాటలు తెలుగులకొచ్చి ఇండ్లు మార్చుకున్నయి. గీత రెండో అధ్యాయంల "వ్యవసాయాత్మికా బుద్ధిః" అని వస్తది, అది ఎవుసం బుద్ధి కాదు, నిశ్చయమైన బుద్ధి. పద్దెనిమిదో అధ్యాయంల "కృషిగౌరక్ష్యవాణిజ్యం" ల కృషి మాత్రం అచ్చంగ సేద్యమే. నాయిన బోరు బంద్ చేసి వచ్చి విన్నడు. జరసేపు ఆగి, "బోర్లు ఎండినప్పుడు తోటను నిలబెట్టుకునుడు ఏంది మరి, అది యే వ్యవసాయం" అన్నడు. నేనేం చెప్పాలె, రెండూ నాయినా అన్న.

మన మెదక్ దిక్కు కొల్చారం ఊరాయన మల్లినాథసూరి, కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం రాసినాయన, మొదట్లనే ఒక మాట ఇస్తడు, "నామూలం లిఖ్యతే కించిత్ నానపేక్షితముచ్యతే", ఆధారం లేనిది ఏదీ రాయను, అక్కర లేనిది చెప్పను అని. కార్డుల మీద వేసే "పార్వతీపరమేశ్వరౌ" శ్లోకం కాళిదాసు రఘువంశం మొదటి శ్లోకమే, చివర ఔ ఎందుకంటే ఇద్దరు, ద్వివచనం. అదే శ్లోకంల పితరౌ అంటే కూడ ఇద్దరు, తల్లి తండ్రి కలిపి ఒక్క మాట. దాన్ని "పరమేశ్వరో" అని కొట్టి తెస్తే ఇద్దరిల ఒకరు పోయినట్టే.

మొదలుపెట్టాలె అనుకునేటోళ్లు అడుగుతరు కాబట్టి నాకు తెలిసింది చెప్తా. పట్టికలు బట్టీ వద్దనను, నోటికి ఉంటే మంచిదే, నాకు రామ శబ్దం అట్లనే అక్కరకొచ్చింది. కాని మీ ఇంట్ల రోజూ వినబడే ఒక స్తోత్రం పట్టుకోండి, ప్రతి మాట చివర ఏమున్నది, ఎందుకున్నది అని విడదీయండి. లిపి గురించి భయం వద్దు, తెలుగు లిపిల సంస్కృతం మొత్తం రాయొచ్చు, దేవనాగరి తర్వాత మెల్లగ నేర్చుకోవచ్చు. పలుకుడు మాత్రం ఫోన్ వీడియోలు చూసి వచ్చేది కాదు, ఎదురుంగ కూసొని ఆపే మనిషి కావాలె. వ్యాకరణం పెద్దది, పాణిని సూత్రాలు నాలుగు వేల దాక ఉన్నయి, వాటిని కొత్తోళ్ల కోసం చిన్నగ చేసిన వరదరాజుల లఘుకౌముది నేను అయిదేండ్ల నుంచి చదువుతున్న, పూర్తి కాలేదు, తిఙంతాల (క్రియాపదాల) దగ్గర ఉన్న, క్రియల కాలాలు చెప్పే పది లకారాలల్ల లిట్ అనే భూతకాలం నన్ను బాగ సతాయిస్తున్నది. 2025 ఉగాదికి పంచాంగం ఫ్లెక్సీ కొడుతుంటే విశ్వావసు నామ సంవత్సరం ల విశ్వ చివర దీర్ఘం ఎందుకని ఆగిన, వెతికితే దానికీ సూత్రం ఉన్నది, వసు ముందర విశ్వకు దీర్ఘం వస్తది. దాని దగ్గర్లనే ఇంకో సూత్రం, మిత్ర ముందర కూడ వస్తది, కాని ఋషి పేరైతేనే, అందుకే విశ్వామిత్రుడు. విశ్వ, అమిత్ర అని విడదీస్తే లోకానికి శత్రువా ఏంది అని చిన్నప్పటి నుంచి ఉన్న అనుమానం ఫ్లెక్సీ కొడుతుంటే తీరింది.

సార్‌కు ఈ ఏడు కండ్ల ఆపరేషన్ అయింది, కొన్నాళ్లు చదువొద్దన్నరు. ఇప్పుడు పొద్దుగాల నేనే చదువుతున్న, ఆయన కండ్లు మూసుకొని వింటరు. నిన్న ఒక పెండ్లి కార్డు ప్రూఫ్ కూడ చదివి వినిపించిన, మొదటి మాట దగ్గరనే చెయ్యి ఎత్తిన్రు. "ఆవ్హానం కాదమ్మా, హ ముందు." ఆహ్వానం అన్న. "ఇంకోసారి" అన్నరు.